వ్రతమధ్యమున హృదయపీడ



ఛాందోగ్యోపనిషత్తు అష్టమాధ్యాయములో దహరవిద్య ఉన్నది. ఈ శరీరము బ్రహ్మపురమనియు, అందలి హృదయకమలములోని సూక్ష్మాకాశమునే అన్వేషింపవలెననియు ఆ విద్య బోధించును. హృదయమును ఇంతగా ఉపాసించు మనము, ఆ స్థానములోనే పీడ కలిగినప్పుడు మాత్రము "గ్యాసులే, అదే తగ్గును" అని ఉపేక్షించుచున్నాము. అర్చకత్వములో ఇన్నేండ్లుగా ఆస్తికులయందు నేను గమనించుచున్న విషయమిది.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కార్తిక సోమవారమున మా ఆలయములో రుద్రాభిషేకము జరుగుచుండెను. సంకల్పము చెప్పుకొన్న గృహస్థు అరువది దాటినవారు. మధ్యలో ఆయన ముఖము పాలిపోయినది, ఉత్తరీయము చెమటతో తడిసినది. అడుగగా, "ఉపవాసము కదా స్వామీ, గ్యాసు పట్టినది. తెల్లవారుజాము నుండి ఉన్నదే. హారతి కాగానే వెళ్లెదను" అనిరి. ఛాతీమీది బరువు ఎడమచేతిలోనికి దిగుచున్నదని కూడ చెప్పిరి. వెంటనే 108కు ఫోన్ చేయించి, కుమారుని తోడిచ్చి పంపితిమి. శేషకర్మను ఆయనకు ప్రతినిధులుగా మేమే పూర్తి చేసితిమి.

ఆయన బ్రతికిరి. కాని రక్తనాళము మూసుకొని గంటలు గడచుటచే గుండె కండరములో కొంత భాగము శాశ్వతముగా చెడినదని వైద్యులు చెప్పిరి. ఏటేటా అలిపిరి మెట్లదారిన కొండ యెక్కిన ఆ భక్తుడు ఇప్పుడు మా ధ్వజస్తంభము వద్ద కూర్చుండియే స్వామిని దర్శించుచున్నారు.

ఛాతీలో బిగింపు లేక బరువు, అది భుజమునకు, దవడకు, వీపునకు ప్రాకుట, చల్లని చెమట, ఆయాసము హృద్రోగ లక్షణములు. స్త్రీలలోను, వృద్ధులలోను, మధుమేహము ఉన్నవారిలోను ఛాతీనొప్పి లేకుండగనే అకారణమైన నీరసము, వికారము, ఊపిరాడకపోవుట మాత్రమే కనిపింపవచ్చును. గ్యాసా, గుండెయా అని తేల్చునది ఇంటిలోని జీలకఱ్ఱ కషాయము కాదు, ఈసీజీ, రక్తపరీక్షలు. మూసుకొన్న నాళమును ఎంత త్వరగా తెరచిన అంత కండరము దక్కును.

"సంకల్పము భంగమగునేమో" అని కొందరి భయము. వ్రతమునకు భంగము కలిగింపని ఎనిమిదింటిలో నీరు, పాలు, గురువాక్యములతో పాటు ఔషధమును కూడ పెద్దలు చేర్చిరి. రోగార్తుని పక్షమున ప్రతినిధి కర్మను పూర్తి చేయవచ్చునని ధర్మశాస్త్రము అనుమతించినది. శాస్త్రమే విడిచిన బంధమును మనము బిగించుకొనుట భక్తి కాదు.

కావున ఆస్తిక మహాశయులారా! పూజలోనున్నను, ప్రదక్షిణములోనున్నను ఇట్టి పీడ తోచినచో అక్కడనే కూర్చుండి ప్రక్కవారికి చెప్పుడు. స్వయముగా వాహనము నడుపకుడు. 108ను పిలిపించుడు. తీర్థప్రసాదములు మరునాడైనను లభించును. అర్చకుడు నొచ్చుకొనునని సందేహింపకుడు; మీరు లేచి వెళ్లినందుకు మొదట సంతోషించువాడు ఆతడే.

స్వస్తి.