కుదురులేని బిడ్డ

మా చిన్న కుమారునకు రెండున్నర యేండ్లు నిండినప్పటి మాట. వాడు నడువడు, దుముకును. మంచము మీదినుండి నేలకును, అరుగు మీదినుండి వాకిటికిని దుముకుటయే వాని దినచర్య. అట్టి ధీరుడు ప్రెషరు కుక్కరు కూత వినబడిన తోడనే చెవులు మూసికొని మూలకు పరుగెత్తును. తడిగడ్డిపై పాదము మోపడు. చొక్కా మెడయందలి చిన్న గుడ్డపట్టీ గీచుకొన్నచో చొక్కానే విప్పి పారవైచును. గారాబముచేత చెడగొట్టితిరని చుట్టములనిరి. ఉపాధ్యాయులమగు మాకును ఆ మాట నిజమేమో యని తోచెను.

మొదట వాని చెవులను పరీక్ష చేయించితిమి. వినికిడియందు లోపము లేదనిరి. పిదప పిల్లల వైద్యులు మమ్ము ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు నొద్దకు పంపిరి. ఆమె వానితో గంటసేపు ఆడి, మాకిట్లు బోధించెను. పంచేంద్రియములు గాక మనకు మరి రెండు జ్ఞానములు కలవు. లోపలి చెవియందలి మూడు అర్ధవృత్తాకార నాళికలు మొదలగునవి తల యెటు తిరిగినదో, యెటు వంగినదో తెలుపును. కండరములును, కీళ్లును కాలుసేతు లెచ్చటనున్నవో తెలుపును. కొందరు బిడ్డలకు ధ్వనియు స్పర్శయు మితిమీరి తోచును. కదలిక మాత్రము ఎంత దొరకినను చాలదు. ఏ. జీన్ ఏర్స్ అను అమెరికా విదుషి 1972లో ఈ విషయమును గూర్చి గ్రంథము ప్రకటించెను. ఆమె సిద్ధాంతము నంతయు వైద్యులందరు నంగీకరింపలేదు. ఐనను దుముకు బిడ్డకు క్షేమముగ దుముకు తావు చూపుట మేలనియు, పిల్లిమొగ్గలు నేర్పువారిని వెదకుడనియు ఆ థెరపిస్టు చెప్పెను.

వెదకితిమి. మొదటిచోట అద్దముల గది, ఇరువదిమంది పిల్లలు, స్పీకరునుండి పాట, నేర్పువాని నోట ఈల. మావాడు గుమ్మమునందే కూలబడి యేడ్చెను. “క్రమశిక్షణ లేని బిడ్డను తేవద్దండీ” అనిరి. రెండవచోట ఐదేండ్లు నిండినగాని చేర్చుకొనరు. మూడవచోట సిమెంటు నేలపై పలుచని చాప. చూచి మేమే వెనుదిరిగితిమి.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆ మాటను మేమెందరు తల్లిదండ్రులతో అనలేదు? బల్లపై కుదురుగ కూర్చుండని యొక బాలుని వారము దినములు తరగతి వెనుక నిలువబెట్టితిమి. ట్రైనింగు కళాశాలలో మాంటిస్సోరి చెప్పిన ఇంద్రియశిక్షణను గూర్చి పుటలకొలది వ్రాసి మంచి మార్కులు పొందినవారమే. ఎదుటి బిడ్డను మాత్రము చూడనైతిమి.

తుదకు మైదానము ప్రక్క షెడ్డులో పెద్దపిల్లలకు జిమ్నాస్టిక్సు నేర్పు నొకరు దొరకిరి. వాని భయములను, ఇష్టములను కాగితముపై వ్రాసి యిచ్చితిమి. ఆయన చదివి, “మూడు గంటలకు తీసుకురండి మాస్టారూ, అప్పుడెవరూ ఉండరు. ఈల జేబులోనే ఉంటుంది” అనెను.

మూడు దినములు వాడు పరుపును తాకలేదు. రబ్బరు వాసన, స్పర్శ వానికి సరిపడలేదు. నాలుగవ దినమున వాని తల్లి నాయనమ్మగారి పాత నేతచీరను దానిపై పరచెను. వాడు మెల్లగ ప్రాకెను. ప్రతిదినము ఒకే క్రమము: చుట్టిన పరుపును నెట్టుట, ఏనుగు నడక, దుంగవలె దొర్లుట, పిమ్మట ఏటవాలు దిండు. బరువు నెట్టిన పిదప వాడు శాంతించుట మేమే చూచితిమి. పదునొకండవ దినమున గడ్డము రొమ్మున కానించి, పిల్లిమొగ్గ వేసి లేచి, తానే చప్పట్లు కొట్టెను. చప్పుడునకు వెరచు బిడ్డ చేసిన చప్పుడది!

తలిదండ్రులకొక మనవి. ముందుగ వైద్యుని అడుగుడు. డౌన్ సిండ్రోము గల బిడ్డలకు మెడయెముకల పొందిక వదులుగ నుండవచ్చును గాన, వైద్యుని యనుమతి లేనిదే పిల్లిమొగ్గలు కూడవు. తరగతిలో మెత్తని పరుపు, కొద్దిమంది పిల్లలు, ఓర్పుగల గురువు ఉన్నారేమో చూడుడు. బిడ్డ వలదన్న దినమున తిరిగి వచ్చుటయు పాఠమే.

మావాడు నేటికిని కుక్కరు కూతకు చెవులు మూసికొనును. మార్పు మాయందే యెక్కువ. ఇప్పుడు కుదురులేని విద్యార్థి కనబడిన, నోటుపుస్తకముల కట్టను మోసికొని రమ్మని పంపుదుము. నాడు తరగతి వెనుక నిలిచిన ఆ బాలుడు పెద్దవాడై యెచ్చటనున్నాడో యెరుగము. ఈ పుట వాని కంటబడెనేని, మమ్ము క్షమించునుగాక.