మూడు సీసాలు, ఒక పాప

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న పిల్లలు చాలామంది పదో తరగతితోనే లెక్కల పీడ వదిలిందనుకుంటారు. నర్సింగ్‌లో చేరగానే అవి మళ్లీ ఎదురొస్తాయి. ఇవి మంచం మీద ఉన్న మనిషికి ఇవ్వాల్సిన మందు లెక్కలు కాబట్టి భయం ఇంకాస్త ఎక్కువ.

నిజానికి లెక్క చిన్నదే. ఇవ్వాల్సిన మోతాదును సీసాలో ఉన్న మోతాదుతో భాగించి, అది ఎన్ని మిల్లీలీటర్లలో ఉందో ఆ అంకెతో హెచ్చవేయాలి. అయినా నేను పాఠం సూత్రంతో మొదలుపెట్టను. బల్ల మీద మూడు సీసాలు పెడతాను. మూడూ పిల్లల పారాసెటమాలే. ఒకదాంట్లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. మందు, రెండోదాంట్లో 5 మి.లీ.కి 250, చుక్కల మందులో ఒక్క మి.లీ.కే 100. పది కిలోల పాపకు జ్వరం. కిలోకు 15 చొప్పున డాక్టరు 150 మి.గ్రా. రాశారు. మొదటి సీసా నుంచి 6 మి.లీ., రెండోదాన్నుంచి 3, మూడోదాన్నుంచి ఒకటిన్నర ఇవ్వాలి. మూడు జవాబులూ ఒప్పే. కానీ మొదటి జవాబుతో మూడో సీసా వంచితే పాపకు 600 మి.గ్రా. పడుతుంది. రోజంతా అలాగే ఇస్తూ పోతే కాలేయానికే ముప్పు. లేబుల్ చదవడమే లెక్కలో మొదటి మెట్టని అప్పుడు వాళ్లకు తెలుస్తుంది.

ఇన్సులిన్ దగ్గర మరీ జాగ్రత్త కావాలి. మన దగ్గర మి.లీ.కి 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ రెండూ దొరుకుతాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. వంద యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీస్తే, ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. కూడికలో, హెచ్చవేతలో తప్పేమీ లేకుండానే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది.

జవాబు రాగానే దాన్ని ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోమంటాను. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, సెట్ మి.లీ.కి 20 చుక్కలది. అంటే నిమిషానికి 42 చుక్కలు, మూడు సెకన్లకు రెండు. ఎవరికైనా 420 వచ్చిందంటే సెకనుకు ఏడు చుక్కలు! అలా పడే చుక్కలను లెక్కపెట్టగలమా? ఆ ప్రశ్న వేసుకుంటే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. సున్నాలూ అంతే. అర మి.గ్రా.ను 0.5 అని రాయాలి. ముందు సున్నా లేకపోతే చుక్క కనబడక అది 5 అవుతుంది. అయిదును 5.0 అని రాస్తే 50గా చదివే ప్రమాదం ఉంది.

పరీక్షలో పదింటికి తొమ్మిది వస్తే మెచ్చుకుంటాం. వార్డులో ఆ పదో లెక్క కూడా ఒక రోగిదే. అందుకే నా విద్యార్థులకు వేగం కంటే అనుమానం నేర్పడం ముఖ్యమనుకుంటాను. లెక్కలంటే భయపడే అమ్మాయిలు ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. ఆ అలవాటును మనం నిలబెట్టాలి.

సీనియర్ సిస్టర్లకు నా మనవి ఒక్కటే. కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయి సిరంజితో వచ్చి “సిస్టర్, ఒకసారి చూస్తారా?” అంటే విసుక్కోకండి. ఆమె జవాబు వినకముందే మీ లెక్క మీరు విడిగా కట్టండి. రెండూ కలిశాకే మందు ఇవ్వనివ్వండి.