పాతదిగా పుట్టిన ప్రతి



క్రొత్త ప్రోగ్రాము పాత దస్త్రాలను చదువగలదో లేదో తేల్చాలంటే పాత దస్త్రమే దాని ముందుంచాలి. ఈ సత్యం నాకు సబ్‌వర్షన్ వల్ల బోధపడింది. ముప్పై ఏళ్ళు పల్లెల్లో తిరిగి కార్డులమీద కూర్చుకొన్న మాండలిక పదాలను మా అల్లుడు అందులో భద్రపరిచాడు. ఏ పదాన్ని ఎప్పుడు దిద్దానో, దిద్దకముందు ఏముండేదో అన్నీ అందులో నిలిచి ఉన్నాయి. ఆ పదాలు చెప్పిన వృద్ధుల్లో పలువురు నేడు లేరు, కార్డులు చెదలపాలయ్యాయి. కనుక క్రొత్త వెర్షనుకు మారేముందు, పాత పద్ధతిలో ఒక నమూనా భాండాగారాన్ని కట్టి పరీక్షించదలచాం.

సబ్‌వర్షన్ 1.0 2004లో వెలువడింది. ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఎస్ అనే నిల్వ పద్ధతి అదే ఏట 1.1తో వచ్చి, తరువాత పలుమార్లు మారింది. 1.5కు పూర్వం ఒక్కొక్క మార్పుకు ఒక్కొక్క దస్త్రం చొప్పున అన్నీ ఒకే ఫోల్డరులో ఉండేవి. పిదప వేయేసి చొప్పున విభజించారు. భాండాగారాన్ని సృష్టించే ఆదేశానికి ‘కంపాటిబుల్ వెర్షన్’ 1.3 అని జోడిస్తే నేటి ప్రోగ్రామే పాత తీరున కట్టి ఇస్తుంది.

కాని క్రొత్తవాడు పాత తీరున వ్రాసినది వేరు, పాతవాడే వ్రాసినది వేరు. తాళపత్రానికి నకలు తీసే నేటి లేఖకుడు ‘చెఱువు’ను ‘చెరువు’ అని వ్రాయవచ్చు, అరసున్నలను విడిచిపెట్టవచ్చు. ఆ నకలును తడుముకోకుండా చదివిన విద్యార్థికి మూలం చదవడం వచ్చునని ఎలా నమ్మడం? సబ్‌వర్షన్ నిర్మాతలు ఇది ఎఱిగినవారే. పాత వెర్షన్లు సృష్టించిన వర్కింగ్ కాపీలను మూటకట్టి తమ పరీక్షల వెంట ఉంచుకొన్నారు.

నన్ను ముగ్ధుణ్ణి చేసినది మరొకటి. ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఎస్ తన రూపసంఖ్యను ‘ఫార్మాట్’ అనే దస్త్రంలో చెబుతుంది. ఆ దస్త్రమే లేకపోతే ప్రోగ్రాము దానిని లోపంగా ఎంచదు. ఇది మొదటి ఫార్మాట్ అని గ్రహిస్తుంది. పోనీ, తానే ఆ దస్త్రాన్ని వ్రాసి పెడుతుందా అంటే, అదీ చేయదు. చదవవచ్చినవాడు చదివి వెళ్ళాలే గాని దిద్దరాదన్నది దాని నియమం. ఎందఱో గ్రంథపరిష్కర్తలకు అలవడని సంయమనమిది!

అందుచేత నమూనాతో తృప్తిపడక, అసలు భాండాగారానికే యథాతథంగా నకలు తీసి దానిని పరీక్షకు పెట్టాం. ‘వెరిఫై’ ఆదేశం మొదటి మార్పునుండి చివరిదాకా ఎక్కడా ఆగక చదివింది. అటుపిమ్మటనే క్రొత్త వెర్షనుకు మారాం.

మీవద్ద పాత ఫార్మాట్ల దస్త్రాలుంటే, మార్చేముందు ఒక ప్రతిని తాకకుండా దాచండి. దాని లోపాలతోసహా దాచండి.