పరిచయమే పరిణతికి తొలిమెట్టు

మానవులందరినీ ఒకే స్త్రీపురుషుల జంట నుండి పుట్టించి, జాతులుగా, తెగలుగా చేసినది వారు ఒకరినొకరు తెలుసుకొనటానికేనని దివ్య ఖుర్ఆన్ 'అల్ హుజురాత్' సూరా 13వ ఆయతు బోధిస్తున్నది. ఈ ఆయతును మనమందరం బాల్యం నుండి వింటూనే ఉన్నాము. అయితే తెలుసుకొనటమంటే పేరు, ఊరు అడిగి ఊరుకోవటం కాదు. ఎదుటివారి జీవితంలో ఏది ఎందుకు విలువైనదో గ్రహించటం. ఈ సంగతిని మా కుటుంబానికి నేర్పినది మేము నివసించే ఓరుగల్లు నగరం.

వరంగల్ కోటలో కాకతీయుల నాటి నాలుగు శిలాతోరణాలు నేటికీ నిలిచి ఉన్నవి. వాటికి కొద్ది దూరంలోనే ఏటవాలు గోడలతో, ఎత్తైన కమానులతో ఖుష్ మహల్ ఉన్నది. సెలవు దినాలలో పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు వారు అడిగే మొదటి ప్రశ్న, "వీటిలో మనది ఏది?" అని. రెండూ మన ఊరివేనని, రెంటినీ ఎరుగనివారికి ఊరి చరిత్ర సగమే తెలుస్తుందని చెబుతాము. 1323లో ఢిల్లీ సేనలు ఈ కోటను జయించి నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిన సంగతినీ దాచము. యుద్ధాన్ని దాచిపెట్టి స్నేహాన్ని నేర్పలేము.

ఆ పరాజయం తరువాత ఢిల్లీ చేరిన ఒక కాకతీయ అధికారి ఇస్లాం స్వీకరించి మలిక్ మఖ్బూల్ అయ్యారు. ఫిరోజ్‌షా తుగ్లక్ కాలంలో 'ఖానె జహాన్' బిరుదుతో వజీరు పదవిని అధిష్ఠించారు. సుల్తాను దండయాత్రలకు వెళ్ళినప్పుడు రాజధాని బాధ్యత ఆయన చేతిలోనే ఉండేది. కొత్త కొలువును, దాని మర్యాదలను నేర్చి అంత ఎత్తుకు ఎదిగినా చరిత్ర ఆయనను 'తిలంగానీ' అనే పిలిచింది. పరాయి సంస్కృతిని నేర్చుకున్నంత మాత్రాన పుట్టిన నేలతో బంధం తెగదనటానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

నేర్చుకొనటం మన సంప్రదాయంలో కొత్త విషయమూ కాదు. దైవప్రవక్త (స) ఆదేశంపై హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని నేర్చుకున్నారు. అబూ రైహాన్ అల్ బిరూనీ సంస్కృతం అభ్యసించి, 1030 ప్రాంతంలో భారతీయుల శాస్త్రాలను, విశ్వాసాలను, ఆచారాలను గురించి 'కితాబుల్ హింద్' రచించారు. ఖండించటం కోసం కాక, వారు చెప్పుకునేదానిని ఉన్నదున్నట్లు తెలపటం కోసమే రాస్తున్నానని ఆయన స్పష్టం చేశారు. ఆయన తన విశ్వాసాన్ని వదులుకోలేదు, ఎదుటివారి మాటను వక్రీకరించనూ లేదు.

ఈ పద్ధతినే మా వాడకట్టులో పాటించాలని మేము ప్రయత్నిస్తున్నాము. బతుకమ్మ పండుగ రోజులలో పొరుగింటి అక్కలు తంగేడు, గునుగు పూలను పేర్చుతుండగా మా ఆడపిల్లలు వాటి పేర్లు అడిగి తెలుసుకుంటారు. ఆ పాటలలో అత్తవారింటి ఆడపిల్ల బాధ, పుట్టింటి బెంగ వినిపిస్తాయి. ఆ బాధకు మతం లేదు. రెండేళ్ళకొకసారి జరిగే మేడారం జాతరకు వెళ్ళి వచ్చినవారు 'బంగారం' సమర్పించామంటే పిల్లలు విస్తుపోయారు. అక్కడ బంగారమంటే బెల్లమట! కాకతీయ సేనలతో పోరాడిన తల్లీకూతుళ్ళ స్మృతిని కోయలు విగ్రహాలు లేకుండానే కాపాడుకుంటున్నారని అప్పుడే తెలిసింది. 'ఇతరులు' అన్న ఒక్క మాట వెనుక ఎన్ని వేరువేరు జీవితాలున్నవో కదా!

ఆ ఆరాధనలలో మేము పాల్గొనము. ఆ సంగతి వారికీ తెలుసు. తెలుసుకొనటం వేరు, అనుసరించటం వేరు. ఈ హద్దు స్పష్టంగా ఉన్నందువల్లనే మా స్నేహంలో సంకోచం లేదు.

వారూ మమ్మల్ని అడుగుతారు. రమజాన్ ఏటేటా పది, పదకొండు రోజులు ఎందుకు ముందుకు జరుగుతుంది? జకాత్ ఎవరికి ఇవ్వాలి? చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులేనని చెప్పటానికి, జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను వివరించటానికి మేము మళ్ళీ గ్రంథాలు తెరిచాము. అలవాటుగా ఆచరించేవాటిని అర్థం తెలిసి ఆచరించసాగాము. పొరుగువారిని తెలుసుకోబోయి మన ధర్మాన్ని మరింత లోతుగా తెలుసుకొనటమే మేము పొందిన నిజమైన లాభం.

ఇచ్చిపుచ్చుకొనటం మన నాలుక మీదనే ఉన్నది. రైతు, హక్కు, జిల్లా, తారీఖు, జవాబు అన్న తెలుగు మాటలు అరబీ మూలం నుండి వచ్చినవే. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ జంపఖానాలు ఏ మతం వారి ఇంటనైనా అతిథికి ఆసనమవుతాయి.

నేడు ఫోనులలో తిరిగే వదంతులు పొరుగువారిని శత్రువులుగా చూపుతున్నవి. ఒకే వీధి పిల్లలు ఒకరి గడప ఒకరు తొక్కకుండానే పెద్దవారవుతున్నారు. తెలియనితనం మిగిల్చిన ఖాళీలోకే అనుమానం చొరబడుతుంది. కనుక సోదర సోదరీమణులారా! మన పిల్లలకు ధర్మాన్ని గట్టిగా నేర్పుదాము, దానితోపాటు పొరుగింటివారిని మర్యాదగా అడగటం, ఓపికగా వినటం, ఎగతాళి చేయకుండటం కూడా నేర్పుదాము. పరస్పర పరిచయాన్ని మన సృష్టిలోనే లక్ష్యంగా ఉంచిన అల్లాహ్, ఆ లక్ష్యానికి తగిన విశాల హృదయాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.