ఉప్పుటేరు పూడుకుంటే

తమ్మిలేరు, బుడమేరు మోసుకువచ్చే నీటిని కొల్లేరు కాదనదు. అయితే ఆ నీరు సముద్రానికి చేరడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. ఆ దారి పూడుకుంటే లంక గ్రామాలు మునుగుతాయి. మనసులో దాచుకున్న పగ కూడా అంతే.

నా ఉద్యోగ జీవితపు తొలినాళ్లలో ఒకరు వ్రాసిన అబద్ధపు ఫిర్యాదు వలన నన్ను తాడేపల్లిగూడెం నుండి కొల్లేటి లంకలకు బదిలీ చేశారు. చాలాకాలం ఆ పేరు వినగానే గుండె వేగం హెచ్చేది, నిద్ర పట్టేది కాదు. కోపం రగిలినప్పుడు శరీరంలో అడ్రినలిన్ విడుదల కావడం, రక్తపోటు పెరగడం వైద్యులకు తెలిసిన విషయమే. కాని వర్షాకాలంలో పడవలపై వచ్చే రోగులకు అక్కడ ఒక వైద్యుని అవసరం ఎంత ఉన్నదో చూచిన తరువాత ఆదికాండములోని యోసేపు గుర్తుకు వచ్చాడు. అన్నలు అమ్మివేసిన ఆ బాలుడే కరవుకాలంలో వారికి ధాన్యమిచ్చి బ్రతికించాడు. వారు తలపెట్టిన కీడును దేవుడు మేలుగా మలిచాడు.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగులకు సేవచేసిన గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కుమారులను వాహనంలోనే సజీవదహనం చేశారు. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానన్నారు. బారిపదలోనే ఉండి రోగుల సేవలో నిలిచారు. చట్టం తన పని తాను చేసింది. క్షమించడమంటే నేరాన్ని నేరం కాదనడం కాదు. తీర్పును దేవునికి, న్యాయస్థానానికి అప్పగించి మన చేతిలోని పనిని సాగించడం.

రక్తపోటు మాత్రలు మానవద్దు. వాటితోపాటు, మిమ్మల్ని బాధించినవారి పేరును నేటి రాత్రి ప్రార్థనలో ఒక్కసారి పలకండి.