వేరుపురుగునకు పగవాడు

మా నెల్లూరు తీరమున ఇసుకలో కొలది మూరలు త్రవ్విన తియ్యనీరు తగులును. ఆ నీరే మాకు త్రాగునీరు. కావున, పెరటి జామమొక్కల వేళ్లను వేరుపురుగు కొఱికివేయుచున్నదని పాదులయందు విషౌషధము పోయింపబోయిన మా మఱదిని నేను వారించితిని. బావి పది బారల దూరముననే యున్నది.

నులిపురుగన్న మాట వినగానే వంగ, టమాట వేళ్లపై బుడిపెలు గట్టు దుష్టజాతి సోదరీమణులకు తోచును. ఆ కులముననే యుపకారులును గలరు. రావణుని తోబుట్టువే గదా విభీషణుడు! అట్టిదానినొకదానిని కోయంబత్తూరున గనుగొని, 1992లో హెటెరోరాబ్డిటిస్ ఇండికా యని పేరిడిరి. పొడవు అర మిల్లీమీటరు. మావారి బడి సూక్ష్మదర్శినిలో దారపు తునుకవలె నగపడును. తడిమంటిలో ప్రాకి, వేరుపురుగు దేహమున జొచ్చి, తన కడుపున మోసికొనివచ్చిన సూక్ష్మజీవులను విడుచును. పురుగు చచ్చి ఇటుకరంగునకు దిరుగును. ఆ సూక్ష్మజీవులకు చీకటిలో మందకాంతియు గలదట! కళేబరమును భుజించి వేలకొలది పిల్లలు వెలువడి వేఱొక పురుగును వెదకికొనును. ముదురుపురుగు అంత సులభముగా లొంగదు, లేతదశలోనే పట్టవలెను. మనుష్యులకు, పశువులకు, వానపాములకు దీనివలన కీడు లేదు.

బెంగుళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థవారు దీనిని పొడిరూపమున సిద్ధపఱచిరి. మావారు నా పక్షము వహించి, విషము మాన్పించి, ఆ పొడినే తెప్పించిరి. దానికి ఎండ మృత్యువు. సంధ్యవేళ పాదులు తడిపి, పొడిని నీట గలిపి పోసి, పిమ్మట కొన్ని దినములు తడి యారనీయరాదు. మగవారీ పని మఱతురు. మన చెంబే మేలు.

మా మఱది యింకను నవ్వుచునేయున్నాడు. అయినను, వేరుపురుగునకు తల్లియైన పెంకుపురుగు తొలకరి రాత్రులలో వేపచెట్టుపై ముసరినప్పుడు, దీపము పట్టి కొమ్మలు దులుపుట తన వంతని యొప్పుకొనినాడు.