అనురాధపురములో పంక్తిభోజనము

చేతిలో ధనమున్నవాడు దేశము చూచుట వేరు, లేనివాడు చూచుట వేరు. మొదటివాడు బండి అద్దములోనుండి చూచును. రెండవవాడు బండి కొరకు చెట్టు నీడను నిలిచి చూచును. నేను రెండవ తెగకు చెందినవాడను. 35 సంవత్సరములు బడిలో తెలుగు పాఠములు చెప్పి, ప్రధానోపాధ్యాయుడనై, ఉద్యోగము విరమించితిని. రామాయణ కథ చెప్పినప్పుడెల్ల పిల్లలను లంకకు తీసికొనిపోయి తెచ్చినవాడనే కాని, నేనెన్నడును సముద్రము దాటి యెరుగను. ఆ కొరత తీర్చుకొనవలెనని 2025వ సంవత్సరము జూన్ నెలలో 30,000 రూపాయలును ఒక చేతిసంచియు పట్టుకొని పది దినముల కొరకు శ్రీలంకకు బయలుదేరితిని.

నాగపట్నమున ఓడ యెక్కితిని. హనుమంతునికి ఒక్క గంతు. మాకు నాలుగు గంటలు పట్టెను. కాంకేశన్‌తురై రేవున దిగి, అచ్చటి రైలులో మూడవ తరగతి పెట్టెలో కూర్చుంటిని. ఆ దేశమున 1983 మొదలు 2009 వరకు అంతర్యుద్ధము సాగినది. దాని మూలమున 1990లో ఈ మార్గమున జాఫ్నాకు రైళ్లు నిలిచిపోయెను. 2014లో గాని మరల నడువలేదు. కిటికీ వెలుపల తాటితోపులు వెనుకకు పోయినవి. పిదప అడవులు, అడవుల నడుమ చెరువులు వచ్చినవి. మన రూపాయికి అచ్చట మూడున్నర రూపాయలు చేతికి వచ్చునని విని కొంత గర్వించితిని. ధరలు కూడ ఆ లెక్కననే హెచ్చియుండుటచేత నా ఐశ్వర్యము మొదటి తేనీటి కొట్టులోనే అంతరించెను. అచ్చటి బీదసాదలు పాలు లేని తేనీరు త్రాగుచు, నడుమ నడుమ బెల్లపు ముక్క కొరుకుదురు. నేనును అట్లే చేసితిని. బాగుగనే యున్నది.

స్టేషను పలకలపై సింహళము, తమిళము, ఇంగ్లీషు అను మూడు భాషలలో ఊరి పేర్లు వ్రాయబడి యున్నవి. సింహళ లిపి చూచినంతనే నేను ఉలికిపడితిని. ఆ గుండ్రని అక్షరములు దూరమునకు తెలుగువలె తోచును. దగ్గరకు పోయినచో ఒక్కటియు చదువరాదు. కళ్లజోడు తుడుచుకొని చూచినను ఫలము లేదు. రెండు లిపులకును మూలము బ్రాహ్మియే గదా! దూరపు చుట్టముల పిల్లలలో ముఖపు పోలికలు కనబడినట్లు ఆ పోలిక కనబడుచున్నది. జీవితమంతయు అక్షరములు నేర్పినవాడను, బస్సుపై ఊరి పేరు చదివి చెప్పుమని ఒక బడిపిల్లవానిని సైగలతో వేడుకొనవలసి వచ్చెను. వాడు నవ్వక చదివి చెప్పి, నన్ను బస్సు ఎక్కించి మరీ పోయెను.

ఆ బస్సు నన్ను అనురాధపురపు పాత నగరము దరికి చేర్చినది. వెయ్యి యేండ్లకు పైగా అది సింహళ రాజులకు రాజధాని. అచ్చట నన్ను మొదట ఆకర్షించినవి చెరువులు. చెరువును వారు ‘వెవ’ అందురు; అది ‘వాపి’ అను మాటనుండి పుట్టినది. క్రీస్తు శకము 5వ శతాబ్దమున ధాతుసేనుడను రాజు కలావెవ అను పెద్ద చెరువును కట్టించెను. దానినుండి నగరములోని తిస్సవెవకు నీరు తెచ్చు కాలువ నిడివి 54 మైళ్లు. అందు మొదటి 17 మైళ్లలో వాలు మైలునకు 6 అంగుళములు మాత్రమే యట! నేటి పనిముట్లు లేని కాలమున నేలను అంత నిక్కచ్చిగా కొలిచినవారి కన్ను ఎట్టిదో! మన రామప్ప, పాకాల చెరువులను ఎరిగినవారికి ఆ గట్టుపై నిలిచినప్పుడు పరదేశమునందున్నట్లు తోచదు.

నగరమునకు ప్రాణము మహాబోధి వృక్షము. అశోకుని కుమార్తె సంఘమిత్ర క్రీస్తు పూర్వము 3వ శతాబ్దమున బుద్ధగయనుండి తెచ్చిన రావికొమ్మ నుండి పెరిగినదని దానిని పూజింతురు. ఆ వృద్ధ వృక్షపు కొమ్మలకు బంగారు పూతగల ఊతకోలలు పెట్టియున్నారు. మనకును ఆ దేశమునకును రాకపోకలు ప్రాచీనములు. నాగార్జునకొండలో సింహళ విహారమొకటి యుండెడిదని 3వ శతాబ్దపు శాసనము తెలుపుచున్నది.

నేను చేరిన మరునాడు జ్యేష్ఠ పూర్ణిమ. దానిని వారు పొసోను పండుగ యందురు. సంఘమిత్ర సోదరుడు మహేంద్రుడు ఆ దినమున సమీపపు మిహింతలె కొండపై రాజునకు ధర్మము బోధించెనని ప్రతీతి. తెల్లని వస్త్రములు ధరించి, పూలు చేతబట్టి, వేలకొలది జనులు వచ్చుచుండిరి. దారి పొడవునను ‘దన్సల’ అను అన్నదాన పందిళ్లు వెలసినవి. పోవు బస్సులను ఆపి, లోనివారిని దింపి, అన్నము పెట్టుచుండిరి.

ఒక పందిరి ముందు నిలిచి సంకోచించితిని. నా సంచిలో డబ్బు తక్కువే కాని, బొత్తిగా లేకపోలేదు. ఊరక తినుట ప్రధానోపాధ్యాయునకు తగునా? ఇంతలో ఒక యువకుడు వచ్చి నా చేయి పట్టుకొని లోనికి తీసికొనిపోయెను. వచ్చీరాని ఇంగ్లీషులో, “మీరు తినినచో పుణ్యము మాది” అని చెప్పెను. ఇతడు ఏ కష్టమును ఎరుగనివాడు కాడు. 2022లో విదేశ మారకద్రవ్యము అడుగంటి, పెట్రోలు, వంటగ్యాసు, మందులు దొరకక, ఆ దేశ ప్రజలు దినముల తరబడి వరుసలలో నిలిచిరి. మూడు సంవత్సరములు గడచినవి. అట్లు వరుసలలో నిలిచినవారే నేడు పరులను వరుసలలో కూర్చుండబెట్టి వడ్డించుచున్నారు. నేను మారుమాటాడక కూర్చుంటిని.

అన్నము, పప్పు, కొబ్బరి పచ్చడి వడ్డించిరి. ఆంధ్రుడను గదా, కారము నన్నేమి చేయునని ఒక పెద్ద ముద్ద మ్రింగితిని. పొలమారి కన్నీరు వచ్చెను. “అబ్బా!” అంటిని.

“నీళ్ళు తాగు” అని ప్రక్కనుండి ఒక కంఠము వినవచ్చెను.

తిరిగి చూచితిని. ఒక వృద్ధ స్త్రీ చెంబు చాచుచున్నది. మెడలో పూసల దండలు, ప్రక్కన తెల్లని దుస్తులలో ఒక చిన్న పిల్ల, ఒడిలో మూతపెట్టిన గుండ్రని బుట్ట. నీరు త్రాగి, అలవాటు చొప్పున, “అమ్మా, మీరెచ్చటనుండి విచ్చేసితిరి?” అని అడిగితిని. ఆమె అర్థము కాక నవ్వెను. “మీదే ఊరు?” అంటిని. ఆమె కన్నులు పెద్దవి చేసి, “నీకు మా మాట ఎట్లా వచ్చింది?” అనెను.

పిదప తెలిసినది. ఆమె అహికుంటక జాతి స్త్రీ. సంస్కృతమున పాములవానిని ‘అహితుండికుడు’ అందురు. ఆ పేరే ఇది. పాములాడించుచు, సోదె చెప్పుచు ఊరూర తిరిగిన ఈ జనులు నేడు కొన్ని పల్లెలలో స్థిరపడియున్నారు. వారి యింటి భాష తెలుగు. పిల్లలు బడిలో చదువుకొనునది సింహళమో తమిళమో. తెలుగు అక్షరమును ఆమె చూచి యెరుగదు. ఆ మాట తమవారిది మాత్రమే యని ఆమె తలపు. మా దేశమున 8 కోట్ల మందికి పైగా ఈ మాట మాట్లాడుదురని చెప్పితిని. నమ్మలేదు. ఆమె వ్రేళ్లు మడచుచు ఒకటి, రెండు, మూడు అని పది వరకు లెక్కించెను, నేనును లెక్కించితిని. కొన్ని ఆమె మాటలు నాకు తెలియలేదు. అనేకములగు నా మాటలు ఆమెకు తెలియలేదు. నేను గ్రంథపు మాట పలికినప్పుడెల్ల ఆమె నవ్వెను. ఆ నవ్వు వినుచుండగా నాకు మరియొక నవ్వు జ్ఞాపకము వచ్చి, ముద్ద గొంతు దిగలేదు.

30 సంవత్సరముల క్రిందట, నా తరగతిలో పాములవారి పిల్లవాడొకడు చేరెను. పాము విడుచు పొరను ఏమందురని ఒకనాడు అడిగితిని. ఎవరును చెప్పలేదు. వెనుక బల్లనుండి వాడు సంతోషముతో లేచి, “కుప్పసం, సారూ!” అనెను. “కుప్పసము కాదురా, కుబుసము!” అని, వాని పలుకును నేనే వెక్కిరించితిని. తరగతి యంతయు నవ్వెను. నాలుగు దినముల పిదప వాడు బడికి రాలేదు. నేను వాని గుడిసెకు పోయి పిలువను లేదు.

భోజనమైన తరువాత ఆ చిన్నపిల్ల తన నోటుపుస్తకము తెచ్చెను. అందులో ‘నీళ్ళు’ అని తెలుగున వ్రాసితిని. అవ్వ ఆ మాట చెప్పగా, పిల్ల క్రింద సింహళ లిపిలో వ్రాసెను. రెండు పంక్తులును ఒక తల్లి బిడ్డలవలె నుండెను. అవ్వ ఆ పుటను తలక్రిందులుగా పట్టుకొని చాలసేపు చూచి, “మా మాటకు రాత కూడా ఉందా!” అనెను.

తరువాతి దినములలో కొండలు, తేయాకు తోటలు, సముద్ర తీరములు చూచితిని. అవి అందమైనవే; వానిని గూర్చి చాలమంది వ్రాసియున్నారు. నా చేత ధనము హెచ్చుగా నుండినచో ఆనాడు హోటలులో భుజించియుందును. ఆ పంక్తిలో కూర్చుండి యుండను.

ఇంటికి వచ్చినంతనే, కాళ్లు కడుగుకొని, నిఘంటువు తెరచితిని. కుప్పసమనగా రవికె. కుబుసము దాని రూపాంతరమే. పాము విడుచు పొర పామునకు రవికె వంటిదే గదా! పిల్లవాడు చెప్పినది తప్పు కాదు. నా మాటకంటె పాత మాట.

వాడు నేడెక్కడ నున్నాడో విచారించితిని. చెప్పగలవారు దొరకలేదు. నలుబది యేండ్లు దాటియుండును. బాలబాలికలారా! మీ తరగతిలో ఎవరైనను మీరు వినని మాట పలికినచో, నవ్వుటకు ముందు నిఘంటువు తెరువుడు. నేను 30 సంవత్సరములు ఆలస్యముగా తెరచితిని.